వెన్ను మీదే తిప్పాలి

వర్షానికి నల్లబడ్డ పలకరాతి గోడల వీధిలో
మా దుకాణం గంట మోగింది.
జోలింగెన్‌కి కత్తి కోసం వచ్చేవాళ్ళు బోలెడుమంది,
తోలు కోసం వచ్చేవాళ్ళు తక్కువ.
ఆమె గొడుగు మూలన నిలబెట్టి
గెర్లిండ ఓవర్‌కాంప్ అని పేరు చెప్పి
"అన్నిటికంటే మంచి పట్టీ చూపించండి" అంది.

మంచిదంటే ఏమిటో
నలభై ఏళ్ళుగా అమ్ముతున్నాను గానీ
ఒక్క మాటలో చెప్పడం ఇప్పటికీ చేతకాదు.
కొక్కేలకు వేలాడేవన్నీ దింపి బల్ల మీద పరిచాను.

ఇది ఆవు తోలు, వీపు భాగం.
పొట్ట తోలైతే ఆర్నెల్లకే సాగి
పాత మంచంలా నడుము వాల్చేస్తుంది.
ఇది గుర్రం పిరుదు తోలు. చూడండి,
దీపం అందులో మునిగి తేలుతోంది.
కత్తి దీని మీద చప్పుడు లేకుండా జారిపోతుంది.
ఇదేమో కాస్త పట్టుకుంటుంది,
వెళ్ళనివ్వను అంటూనే వెళ్ళనిచ్చే మనిషిలా.
మూడంగుళాల వెడల్పుంటే వాదర మొత్తం ఒకేసారి ఆనుతుంది.
నూనె అక్కర్లేదు. అరచేత్తో రోజూ రుద్దండి, చాలు.

ఆమె వేళ్ళతో తాకలేదు.
మణికట్టు లోపలి వైపు ఒక్కొక్కదానికీ ఆనించింది,
పసిబిడ్డ స్నానానికి నీళ్ళ వేడి చూసినట్టు.

అప్పుడడిగాను, ఎవరికని.

"ఫోల్క్‌మార్‌కి. మా ఆయనకి.
మార్చి నుంచి కుడిచెయ్యి లేవదు, మాట రాదు.
నర్సు కరెంటు మిషన్ తెస్తే
మొహం గోడవైపు తిప్పేసుకుంటాడు."
సంచిలోంచి ఒక తోలు చుట్ట తీసి విప్పింది.
సరిగ్గా నడిమధ్యన, ఏటవాలుగా,
వేలు దూరేంత గాటు.
"నిన్న నేనే చేశాను. ఆయనకి చూపించలేదు."

గుర్రం తోలు మళ్ళీ కొక్కేనికి తగిలించాను.
అన్నిటికంటే చవకదాన్ని, కుట్టు వంకరపోయిందాన్ని
ఆమె ముందుకు జరిపాను.
"ఆడదాన్ననా?" అంది. గొంతులోనే వాదర ఉంది.

జవాబుకి బదులు గల్లా కిందినుంచి నా పట్టీ తీశాను.
పద్నాలుగేళ్ళప్పుడు మా నాన్న ఇచ్చింది,
ఒక్క చలికాలంలో పదకొండు గాట్లు.
లెక్కపెట్టింది. పన్నెండంది.
నాకు తెలియని గాటొకటి ఇన్నేళ్ళూ అందులో ఉందన్నమాట.

వెన్న రాసే కత్తిచ్చి నిలబెట్టాను.
వెన్ను ముందు నడవాలి, వాదర వెనక రావాలి.
చివరికొచ్చాక ఆగండి.
తొందరపడి వాదర మీద తిప్పారో, అదే గాటు.
వెన్ను మీదే తిప్పాలి. మళ్ళీ. బలం వద్దు.
పట్టీని బిగించి లాగండి, చేతిని వదులుగా ఉంచండి.
రెండూ ఒకే ఒంట్లో ఎలా కుదురుతాయని అడిగింది.
కుదరవు, కొన్నాళ్ళు.

సాయంత్రం దాకా వాన తగ్గలేదు.
డబ్బిచ్చి, తలుపు దగ్గర వెనక్కి తిరిగి
"ఆ గుర్రం తోలు నాకోసం ఉంచండి" అంది.
చీటీ మీద పేరు రాసి దారంతో కట్టాను.
ఎప్పటిదాకా అని నేను అడగలేదు.

జూన్‌లో ఫోను మోగింది.
ఎత్తితే అటునుంచి హలో లేదు.
టప్... టప్...
రిసీవరు ఎక్కడో కొక్కెం దగ్గర పెట్టినట్టుంది.
చెవికి ఆనించుకుని
కొట్లో ఉన్నవాళ్ళని చేత్తోనే ఆగమన్నాను.
ఇరవై దాకా బాగానే నడిచింది.
ఇరవై ఒకటోది తడబడింది.

అటువైపు ఎవరో గొంతు సవరించుకున్నారు,
మగగొంతు, చిరాగ్గా.

చప్పుడు ఒక్క క్షణం ఆగి
ఈసారి నెమ్మదిగా మళ్ళీ మొదలైంది.