పలకని అక్షరం

కౌన్సిల్ ఉత్తరాలు పట్టుకుంటేనే తెలిసిపోతాయి నాకు.
గోధుమరంగు కవరు, ముందువైపు చిన్న కిటికీ,
అందులోంచి తొంగిచూసే పేరు:
మిసెస్ థోరా బ్లెంకిన్, పదకొండు, స్కార్బీ వీధి.

నేను ఈ వీధికి టపా పంచడం మొదలెట్టినప్పుడు
ముప్ఫైనాలుగు గడపలు.
ఇప్పుడు పదకొండో నంబరే ఆఖరు.
పెరట్లో బట్టలారేసే తాడుకి
ఒక కొస గుంజకుంది,
రెండో కొస కొండచరియ అవతల, గాల్లో.

హల్‌లో ఒక నిఘంటువు ప్రెస్సులో
ముప్ఫై ఏళ్లు ప్రూఫులు దిద్దిన మనిషి.
కవరు చించి, చెవి సందునున్న ఎర్రపెన్సిలు తీసింది.
"డెమాలిషన్ అట! ఖర్చు కూడా నాదేనట!
కూలగొడుతున్నది వీళ్లా?
కర్త తప్పు" అని సున్నా చుట్టింది.

టీ మరిగేదాకా
తడి బూట్లతో వంటగదిలో నిలబడి విన్నాను.

డిజాస్టర్ అంటే చెడ్డ చుక్క అట ఒకప్పుడు.
"నెపం ఆకాశం మీదికి తోసేయొచ్చు, హాయి."
గొప్పవాళ్ల గోడలు పడితే రూయిన్స్,
టిక్కెట్టు పెట్టి చూపిస్తారు;
"మనవి పడితే చెత్త, లారీ వస్తుంది."
డౌన్‌ఫాల్ మాత్రం రాజుకీ వానకీ ఒకటే మాట.
"రాత్రి విన్నావుగా, ఎంత తాగిందో ఈ బంకమట్టి."

తర్వాత కవరు వెనక ఒక పాతమాట రాసింది: ర్యాక్.
వినాశనమూ అదే,
ఒడ్డుకు కొట్టుకొచ్చే నాచూ అదే.
"మొదట్లో డబ్ల్యూ చూశావా?
రాస్తాం, పలకం.
అది ఎప్పుడో సముద్రంలో పడిపోయింది.
మన వీధి లాగే,
మ్యాపులో ఇంకా ఉంటుంది."

జనవరిలో, మంగళవారం తెల్లవారుజామున.
పీతల పడవ ఆక్స్‌టోబీ చూశాడట.
నన్ను చూసి "పోయింది" అన్నాడు, అంతే.
పాలు విరిగినా, కరెంటు ఆగినా,
మనిషి కన్నుమూసినా ఇక్కడ అదే మాట.
ఆవిడ ఆదివారమే మేనకోడలింటికి వెళ్లింది,
నిఘంటువులు నాలుగు పెట్టెలు,
కెటిల్ మరిచిపోయి.

ఇవాళ మళ్లీ గోధుమరంగు కవరు.
తిప్పి పంపడానికి మా స్టిక్కరు మీద గడులున్నాయి:
ఇల్లు మారారు, పుచ్చుకోలేదు, చిరునామా అసంపూర్ణం.
చిరునామాదారు ఉంది,
చిరునామా లేదు.
దానికి గడి లేదు.

వ్యాన్‌లో కూర్చున్నాను, వైపర్లు తిరుగుతున్నాయి.
డబ్ల్యూ అని రాశాను ఖాళీలో,
ఎర్రపెన్సిలు లేక
బాల్‌పెన్‌తో.