ముప్పయ్యోది

పొగతోటలో, ఆసుపత్రుల సందు చివర, మూడో మేడ మీద
నాలుగడుగుల బల్ల నాది.
పగలంతా పళ్లు చేస్తాను.
సగం నెల్లూరు నోళ్లు ప్లాస్టరు అచ్చులై
నా అలమారాలో వరసగా ఆవులిస్తుంటాయి.

రాత్రి, మిగిలిన ప్లాస్టరుతో
వింత జీవాల్ని చేస్తాను.

పందెం నలుగురిది.
రైల్వే గేటు ఖాజావలి, నర్సు సుగుణవతి,
డిగ్రీ రెండుసార్లు తప్పిన ప్రభుదాసు, నేను.
ముప్పై రోజులు, రోజుకొక బొమ్మ.
బొటనవేలి కణుపు దాటకూడదు.
ఎక్కడా చూసింది కాకూడదు.
ఓడినవాళ్లు మిగతా ముగ్గురికీ కుంచెలు కొనివ్వాలి,
మూడు సున్నాలవి, వెంట్రుకలు లెక్కపెట్టుకునేటివి.

మొదటిరోజు కప్ప మాంత్రికుడు.
గొడుగేసుకుని నిలబడి
వాన కోసం మంత్రం చదువుతుంటాడు.

తర్వాత పొదలకూరు సిపాయిలు ఇద్దరు, నిమ్మకాయ తలలోళ్లు.
ధర పడిపోయిందని తెలిసి
కత్తులు కింద పడేసి బస్తా మీద కూలబడ్డారు.
ఆ పసుపు కుదరడానికి నాలుగు పూతలు.
పసుపు పిరికి రంగు,
కింద తెలుపు తోడుంటే గానీ ముందుకు రాదు.

రొయ్యల రాణికి చెరువులో తిరిగే గాలిచక్రమే సింహాసనం.
ఆమె మీసాలకి నా కుంచెలోవే రెండు వెంట్రుకలు పీకాను.
దోమల సేనాపతికి కిరీటం పెట్టబోతుంటే
నిజం దోమ ఒకటి వచ్చి తడి రంగు మీద వాలి
అక్కడే ఉండిపోయింది.
తియ్యలేదు. వాహనం అని రాసుకున్నాను.

పద్దెనిమిదో రోజు రెక్కల పాము.
దానికి మెరుపు కావాల్సొచ్చింది.
మా నాయనమ్మ సైదాపురంలో మైకా రేకులు చీల్చేది,
దినానికి ఇంతని కూలి,
పొరలో పొర, పొరలో పొర, వేళ్ల చివర్లు అరిగిందాకా.
ఆమె పెట్టెలో గుడ్డమూట విప్పితే
గుప్పెడు పొట్టు ఇంకా మెరుస్తోంది.
నూరి, జిగురు కలిపి, పొలుసు పొలుసుకీ అద్దాను.
దీపం కింద పెడితే పాము కదిలినట్టే ఉంది.
ఆ రాత్రి ఇంకేం చెయ్యలేదు.

కళ్లు ఎప్పుడూ చివర.
మణికట్టు బల్లకి ఆనించి, ఊపిరి బిగబట్టి.
చుక్క ఒక్క పిసరు పక్కకి జరిగితే
మహావీరుడు కూడా ఆఖరి బస్సు తప్పిపోయినవాడిలా చూస్తాడు.

ముప్పయ్యో రోజు ఆదివారం.
ఏనుగంత చీమ, దాని వీపు మీద చీమంత ఏనుగు,
మనసులో అంతా సిద్ధంగా ఉంది.
నాలుగింటికి మెట్లెక్కి వచ్చింది
మైపాడు నుంచి చెంచమ్మ, చేపల గంప కింద పెట్టి.
ముందుపన్ను ఒకటి ఇయ్యాళ తీసుకోవాల.
చూసింది. అద్దంలో మళ్లీ చూసింది.
"ఇంత తెల్లగా వొద్దు మే,
నా పళ్లన్నీ కలిసి దీన్ని వెలేస్తాయి."

అరవయ్యేళ్ల ఆకూ వక్కా సున్నం
ఒక్క పన్ను మీద, గంటలో వెయ్యాలి.

చిగురు దగ్గర ఇటుక రంగు.
అంచున పొగ.
మధ్యలో, ఎవరూ చూడని చోట, సన్నటి బీట,
పక్కపన్నుకి ఉన్నట్టే.
కొలిమిలో పెట్టి తీశాను. చాల్లేదు. మళ్లీ పెట్టాను.
ఆమె బల్ల ముందు కూర్చుని బొమ్మలు చూస్తోంది.
"ఏందిమే ఇది, కప్పకి గొడుగా?
తడవడానికి భయపడే కప్పని ఏడా చూళ్లా."

పన్ను పెట్టుకుని నవ్వింది.
ఏది నేను చేసిందో
నాకే ఒక్క క్షణం తెలియలేదు.

విజయమహల్ గేటు టీకొట్టు దగ్గర లెక్క చూశారు.
అందరివీ ముప్పై. నావి ఇరవైతొమ్మిది.
ముప్పయ్యోది ఇందుకూరుపేట దాటుంటుంది,
కిటికీ పక్క సీట్లో, అన్నాను.
కణుపు దాటలేదు, ఎక్కడా చూసింది కాదు, అన్నాను.
"సాక్ష్యం?" అన్నాడు ఖాజావలి
గేటు వేస్తూ.

కుంచెలు కొనిచ్చాను. మూడు సున్నాలవి.

మేడ మీదికొచ్చి దీపం వేస్తే
కప్ప మాంత్రికుడు లేడు.
గొడుగు మాత్రం విరిచి
బల్ల మీదే వదిలేసి పోయాడు.