కంచం చదువు

చైతన్యపురిల పిల్లల హాస్టల్, మూడో అంతస్తు మెస్సు.
నాకు అచ్చరం ముక్క రాదు,
కంచాలు చదువుత.
పూటకు మున్నూట అర్వై.
నల్లా కింద పెట్టకముందే తెలుస్తది
ఏ పిల్ల ఎట్లున్నదో.

పరీక్షనాడు మెతుకులు మిగుల్తయి.
ఇంటికెళ్లి ఫోనొచ్చిననాడు పచ్చడొక్కటే ఖాళీ అయితది.
ఐతారం బగారన్నం కంచాలకు
సబ్బే అక్కర్లేదు.

ఒక్క కంచం మాత్రం వారం సంది సతాయిస్తున్నది.
అన్నం అంచులదాక పల్చగ పూసి,
మీద పప్పుతోని అలుకు చల్లినట్టు చల్లి,
చపాతి తునకలు గిలాస కింద దాచి.
ఇది తిన్నోళ్ల కంచం కాదు,
తిన్నట్టు కనవడెతందుకు
మస్తు కష్టపడ్డోళ్ల కంచం.

ఎవలిదో కనుక్కున్న. ఊర్మిళట, జగిత్యాల దిక్కు.
కాలేజీ లిఫ్టుకాడ ఎవలో
"నువ్వెక్కితె మొయ్యదు" అన్నరట.
అందరు నవ్విండ్రట.
ఈమె గూడ నవ్విందట.

వార్డెన్‌ మేడంకు చెప్పిన.
"ఆ వయసే అట్ల, సాయవ్వా" అన్నది.
ర్యాంకు దిగితె రాసే రిజిస్టరున్నది ఆమె తాన,
ముద్ద దిగకపోతె రాసే గీత లేదు.

నేనేమన్న డాక్టరమ్మనా?
"తినవే బిడ్డా" అన్న ఒక్కపారి.
తల దించుకున్నది.
మల్ల అనలే.

నిన్న రాత్రి పది దాటినంక
నీళ్ల బాటిల్ పట్టుకొని ఆమెనే వచ్చింది.
నేను కింద కూసోని తింటున్న,
అడుగన్నం, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ.
జర జరిగిన. పిలవలే.
కూసున్నది.
కిటికీల మెట్రో పోయింది,
ఆమె మొఖం మీద వెలుగు తునకలు తునకలు.

"అవ్వా, అద్దం చూస్తె నీకేమనిపిస్తది?"
"బొట్టు సక్కగున్నదా అని."
నవ్వింది.
ఆ నవ్వులకెళ్లే ఏడ్సుడు మొదలువెట్టింది.
నా ఎంగిలి చెయ్యి ఎండిపోయేదాక ఏడ్సింది.

"అమ్మకు చెప్తె భయపడ్తది."
"పడనియ్యి.
నువ్వొక్కదానివే ఎందుకు భయపడాలె?"

ఫోను నొక్కింది. రింగు పోతుంటె కోసింది.
మల్ల నొక్కింది.
నేను గిన్నె పట్టుకొని అవుతలికి పోయిన.

ఇయ్యాల పగటీలి కంచాలొచ్చినయి.
ఆమెది గుర్తువట్టనీకె ఆలిశమైంది.
సగం అన్నం అట్లనే ఉన్నది,
పూయలే, దాయలే,
నడుమ కుప్పగ,
ఇంతే తిన్న అని
ఉన్నదున్నట్టు.

దాన్ని ఆఖరుకు కడిగిన.