బూడిద కొంగ

పదమూడేళ్లు అతన్ని నేను చూడలేదు.
వేలం ముగియడానికి మూడు సెకన్లుండగా
తెర మీద మెరిసే పేరొక్కటే తెలుసు: గ్రే హెరన్.
మగవాడనే ఎందుకో అనుకున్నాను.
కొంగ జపమే.
రోజంతా ఒంటికాలి మీద నిలబడి
నేను ముప్పై పౌండ్లన్నా నలభై అన్నా
నీళ్లు కూడా కదలనిచ్చేవాడు కాదు.
చివర్లో ఒక్క పోటు.
చేప వాడిది,
బురద నాది.

సెల్బీలో, మందుల షాపులో, మధ్యాహ్నం షిఫ్టు నాది.
దగ్గుమందు సీసాకి చీటీ అంటిస్తూ
కౌంటరు కింద ఫోనులో పాట పెంచేదాన్ని.
"ఆరు పెన్నీలకి అరవై పౌండ్లా?" అనేది వెరిటీ,
మాత్రలు లెక్కపెడుతూ, తల ఎత్తకుండా.
ఏం చెప్పను?
విలియం రాజు మెడ కింద
చీమ తలంత 'వై' ఉంటుంది,
యార్క్‌లో అచ్చయిందని గుర్తు.
అంతకుముందు జనం వెండి అంచుల్ని
గోళ్లు తీసినట్టు కత్తిరించి కరిగించుకుంటుంటే
పాతవన్నీ వెనక్కి పిలిచి
కొత్తవి కొట్టడానికి
ఐదు ఊళ్లలో టంకశాలలు తెరిచారట.
అందులో మా యార్క్ ఒకటి.
అంతే నా పిచ్చి. అంత చిన్నది.

పోయిన మార్చిలో హారగేట్‌లో
ఒక హోటల్ వెనక హాల్లో వేలం.
మూడువందల పద్దెనిమిదో నంబరు:
'ఒక పెద్దమనిషి సేకరణ, చెక్కపెట్టెతో సహా.'
డీలర్లు భూతద్దం పెట్టి చూసి పెదవి విరిచారు,
అన్నీ బాగా అరిగినవే అని.
కారు మార్చుదామని దాచిన డబ్బు నా సంచిలో ఉంది.
ఏడువందల నలభై దగ్గర సుత్తి పడింది.
కమీషన్ వేరే.

ఇంటికొచ్చి అరలు లాగాను.
పచ్చ ఉన్ని గుడ్డలో గుండ్రటి గుంటలు,
గుంటకో నాణెం,
నాణెం కింద గుండ్రంగా కత్తిరించిన చీటీ,
పెన్సిల్ రాత, ఆవగింజల్లా.
'బ్రిస్టల్. యాభై ఒకటి. టీకప్ యాభై దగ్గర ఆగింది.'
టీకప్ నేనే.
'నారిచ్. ముప్పై ఎనిమిది. టీకప్ తొందరపడింది.'
'యార్క్. నలభై నాలుగు. టీకప్‌కి దక్కాల్సింది, పాపం.'
పాపమట!
ఒక చీటీ మీద:
'ఇరవై రెండుకే వచ్చేసింది.
టీకప్ రాలేదు. ఒంట్లో బాగుందో లేదో.'
తేదీ చూశాను.
ఆ వారం నేను లీడ్స్ ఆసుపత్రిలో ఉన్నాను,
పిత్తాశయం తీయించుకుని,
ఫోను ఛార్జరు ఇంట్లో మరిచిపోయి.

పెట్టె అడుగున పాత గ్యాస్ బిల్లు దొరికింది.
డెంజిల్ పికర్స్‌గిల్, గూల్.
వేలంవాళ్లని అడిగితే చెప్పారు,
రైల్వేలో సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసేవాడట.
మరి సెకన్లు తెలియవూ!
గూల్ నుంచి సెల్బీకి పన్నెండు మైళ్లు.
ఒకే వాన పడుతుంది రెండు ఊళ్లకి.

ఆఖరి అరలో ఒక గుంట ఖాళీ.
చీటీ మాత్రం ఉంది:
'యార్క్. రాజు పేరులో ఒక అక్షరం తప్పు.
ఎనభై ఆరుకి టీకప్ తీసుకుంది.
పోనీ, మంచి చేతిలో పడింది.'

అది ఇప్పుడు నా దగ్గర లేదు.
బాయిలర్ చెడిపోయిన చలికాలంలో
బజారు దుకాణంలో నూటపదికి అమ్మేశాను.
ఆ నెలంతా వేన్నీళ్లు వచ్చాయి.
ఎవరికి చెప్పుకోను ఈ సంగతి?
వెరిటీకి చెప్పాను.
మాత్రలు లెక్క తప్పి
మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

నిన్న రాత్రి ఎక్సెటర్ నాణెం ఒకటి వచ్చింది.
నేను ముందుగా పలకలేదు.
వంటగదిలో దీపం ఆర్పి నిలబడ్డాను.
మూడు సెకన్లున్నాయనగా నొక్కాను.
ఎదురుపాట పాడిన పేరు మాస్‌రోజ్.
అరవై మూడు దగ్గర ఆగింది.
చీటీ కత్తిరించి ఆ మాటే రాశాను.
నా అక్షరాలు పెద్దవి,
కాగితం గుంటలో పట్టలేదు.
కత్తెర తీసుకుని అంచులు గీకాను,
కొంచెం, ఇంకొంచెం.