తూకానికి రాని చేపలు

డాబాగార్డెన్స్‌లో మెట్లెక్కి వెళ్ళే కొట్టు.
వలీ భాయ్ చిన్న వల ముంచాడు.
మొదటిసారి దొరకలేదు, రెండోసారీ దొరకలేదు.
జాలరిపేట పిల్లనై ఉండి
బొటనవేలంత చేప కోసం
చేతులు కట్టుకుని నిలబడ్డాను.

చివరికి రెండు.
నారింజ ఒంటి మీద తెల్ల పట్టీలు,
పట్టీల అంచుకి సన్నటి కాటుక.
చిన్నదానికి నడుం పట్టీ సగంలోనే ఆగిపోయింది,
సున్నం వేసేవాడు మధ్యలో టీకి పోయినట్టు.
"అచ్చు తప్పింది, నూట యాభై తగ్గిస్తా" అన్నాడు.
తగ్గించకపోయినా దాన్నే తీసుకుందునని
అతనికి చెప్పలేదు.

కవర్లో కాసిన్ని నీళ్ళు, మిగతాదంతా గాలి,
మూతికి రెండు రబ్బరు బాండ్లు, పైన పాత పేపరు.
షేరాటో బ్రేకు కొట్టినప్పుడల్లా
పొట్టకి ఆన్చి పట్టుకున్నాను.
సిరిపురంలో ఎక్కినావిడ
"ఏటమ్మా అది, పాలా?" అంది.
"సముద్రం" అన్నాను.
ఆవిడ కొంచెం అవతలికి జరిగింది.

నెలయింది ఆ సముద్రాన్ని తయారు చేయబట్టి.
కుట్టుమిషను తీసేసిన మూల
ఐదు బిందెల గాజు పెట్టె.
అసలుది కిటికీ అవతలే,
నాలుగు పడవలు దాటితే,
రాత్రంతా అరుస్తూనే ఉంటుంది.
"ఆ నీళ్ళు మాత్రం పొయ్యకమ్మా,
డీజిలు, ఊరి కాలవలు, ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు వలీ భాయ్.
అందుకని ఉప్పు డబ్బా కొన్నాను,
మంచినీళ్ళు కొన్నాను,
కొలిచి, కలిపి, మళ్ళీ కొలిచి.
తాత ఉంటే
తెప్ప మీంచి పడేలా నవ్వేవాడు.

సాయంత్రం అమ్మ తట్ట దించి
చుట్టకుదురు విప్పుతూ అడిగింది.
"ఎంతే?"
"రెండూ పద్దెనిమిదొందల యాభై."
"కిలో ఎంత పడ్డాదే?"
నేను లెక్క కట్టలేదు.
ఆమె కట్టింది.
చందువల ధరతో పోల్చుకుని నోరు తెరిచింది,
ఏమీ అనకుండానే మూసింది.

కవరు నీళ్ళ మీద తేల్చాను.
సెలైన్ గొట్టంతో పెట్టెలోని నీటిని
కవర్లోకి చుక్క చుక్కగా వదిలాను.
తిట్టుకుంటూనే అమ్మ
మంచప్పట్టె మీద కూర్చుని చుక్కలు లెక్కపెట్టింది,
నూటెనిమిది దాకా. తర్వాత టీ పెట్టింది.

వదిలాక, పంపు వెనకాల చాలాసేపు దాక్కున్నాయి.
బయటికొచ్చి
చిన్నది పెద్దదాని ముందు ఒళ్ళంతా వణికింది.
"జొరమేటే?"
"కాదమ్మా, నువ్వే పెద్ద అని ఒప్పుకోవడం.
పుట్టినప్పుడు రెండూ మగవేనట.
పెద్దదే ఇక ఆడదవుతుంది."
అమ్మ గ్లాసు కింద పెట్టింది.
"అందులో ఇంతేటుంది?
మీ నాన్న పోయినేడు
నాను మగోడ్ని అవ్వనేదేటి?"

హార్బరు వేలంలో, అన్ని లుంగీల మధ్య
కొంగు బిగించి పాట పాడిన ఆ తెల్లవారుజాము
నాకు లీలగా గుర్తుంది.
ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

రాత్రి రెండున్నరకి లేచి చూస్తే
చిన్నది నీటి మీదకి వచ్చి, మూలన,
పక్కకి ఒరిగి ఉంది.
అరిచాను కాబోలు.
అమ్మ అప్పటికే లేచి జడ ముడుస్తోంది,
మూడింటికి హార్బరుకి వెళ్ళాలి.
ముప్పై ఏళ్ళుగా మొప్ప ఎత్తి ఎరుపు చూసి
కన్ను చూసి బేరమాడిన మనిషి
ముక్కు గాజుకి ఆనించింది.
"కన్ను తేటగా ఉందే. తొంగుంది, అంతే."
కానీ లేవలేదు.
ఫోను వెలుగులో ఇంకా చూస్తూనే ఉంది.
"బతికున్న సేప మొకం
ఇంతసేపు ఎప్పుడూ సూణ్ణేదే నాను."

ఆ రోజు హార్బరుకి ఆలస్యంగా వెళ్ళింది.
మధ్యాహ్నం తట్ట ఖాళీ.
కొంగు ముడి విప్పితే
ఒక్క రొయ్య, పచ్చిది, వేలెడంత.
"సన్నగా తరిగి పెట్టు" అంది,
"ఆ సగం పట్టీదానికి ముందు."