నలభై సెకన్లు

కాలవకి అటు గొడుగు, ఇటు దారం.
పెచ్చెట్టి వారిది పాత డిష్షు,
నాలుగు చినుకులకే మూగబోతుంది.
మాది ఫైబరు.
ఏసుబాబొచ్చి మూడు కొబ్బరిచెట్ల మెడలకి చుట్టి
కిటికీ చువ్వల్లోంచి లోపలికి లాగాడు.
"గాజండీ, వంచకండి, విరుగుద్ది" అన్నాడు.
అప్పట్నించి మా అత్తగారు
ఆ మూల చీపురైనా ఆనించదు.

బియ్యం డబ్బా మీద పెట్టె.
పచ్చ లైటుంటే ఇల్లు ఇల్లులా ఉంటుంది.
ఎర్ర లైటొస్తే మట్ట రాలిందని,
లేదా ఉడతని.
గాజులో ఉడతకేం రుచో!
ఏసుబాబుకి ఫోన్ చేస్తే
"దార్లో ఉన్నానండి" అంటాడు.
ఎప్పుడు చేసినా దార్లోనే ఉంటాడు,
ఎంత పొడుగు దారో పాపం.

సినిమాలు చూసే ఖాతా మాది కాదు,
తణుకులో మా ఆడపడుచుది.
ఇద్దరు చూస్తుంటే మూడోవాళ్ళని గడప దాటనివ్వదు.
అందుకని అత్తగారు రాత్రి ఎనిమిదికి ఫోన్ చేసి అడుగుతుంది
"అమ్మాయ్, అన్నాలయ్యాయా?
ఇంకా చూత్తన్నారా?"
అడిగేది అన్నాల గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

అసలు చిత్రం క్రికెట్టు రోజున.
మా తెర మీద బౌలరింకా పరిగెడుతుంటాడు,
అవతలొడ్డున గావుకేక!
"ఆళ్ళని నోరు మూసుకోమను నాన్నా"
మా లోవరాజు తలగడ విసిరేస్తాడు.
గోడ గడియారం చూసి లెక్కపెట్టాను,
నలభై సెకన్లు.
వాళ్ళు మాకన్నా నలభై సెకన్లు ముందు బతుకుతారు.
గుర్రపుడెక్క మీంచి
కాలు తడవకుండా వచ్చేస్తుంది వాళ్ళ అరుపు.
మా బొమ్మ ఏ ఊళ్ళు తిరిగొస్తుందో.

కేక ఒక్కటే అయితే వికెట్టు.
కేకతో పళ్ళెం మోగితే సిక్సరు.
చేపల పులుసు కిందకి దింపుతూ
వంటింట్లోంచే చెప్పేసేదాన్ని,
"ఈ బంతికి పోతాడు చూడండి."
మావయ్యగారు సోదెమ్మని చూసినట్టు చూసేవారు.

మొన్న ఆకు కదలని ఉక్కలో
ఆఖరి ఓవరు.
తెర మీద గుండ్రం.
తిరుగుతోంది, తిరుగుతోంది,
బ్యాటెత్తినవాడు ఎత్తినట్టే ఉన్నాడు.
అవతల కేక.
పళ్ళెం లేదు.
"అవుట్" అంది ఇల్లంతా.
ఇంకో కేక. ఆడగొంతు.
"ఒక్క బంతికి రెండు వికెట్లేంటే" నవ్వాడు లోవరాజు.
మేం కూర్చునే ఉన్నాం.
బొమ్మొస్తే తెలుస్తుంది కదా అని
కూర్చునే ఉన్నాం.

బొమ్మొచ్చింది.
బంతి నేల బారున పోయి తాడుకి తగిలింది.
ఎవరూ అవుట్ కాలేదు.

అప్పుడు వినబడింది నాకు, లేని చప్పుడు.
వాళ్ళ రొయ్యల చెరువులో
రాత్రీ పగలూ నీళ్ళు చిలికే చక్రాలు,
మేం వినడం ఎప్పుడో మానేసినవి,
ఆగిపోయి ఉన్నాయి.
మోటార్ల లైను ఎప్పుడు పోయిందో,
ఆట గోలలో వాళ్ళూ వినలేదు.

తాటిపట్టె మీద చెప్పుల్లేకుండా పరిగెత్తాం.
టార్చి వేస్తే
చెరువంతా మీసాలు.
గాలి కోసం పైకి తేలి
ఎర్రగా మెరుస్తున్న వేల కళ్ళు.
మావారు డీజిలింజను తాడు లాగుతున్నారు,
అది దగ్గుతోంది, ఆగుతోంది.
లోవరాజు నడుం లోతు దిగి చేతుల్తో కొడుతున్నాడు నీళ్ళని.
పెచ్చెట్టి వారి కోడలు సూర్యకాంతం
ఆ సిక్సర్ల పళ్ళెంతోనే
నీళ్ళు ఎగజిమ్ముతోంది, ఎగజిమ్ముతోంది.
ఆ పక్కన నేనూ.
ఎవరం మాట్లాడుకోలేదు.
పన్నెండేళ్ళుగా ఎదురిళ్ళం,
ఆవిడ చెయ్యి నా చేతికి తగలడం అదే మొదలు.

సగం మిగిలాయి. సగానికి కాస్త తక్కువే.

కోడి కూసే వేళకి
బురద కాళ్ళతో ఇల్లు చేరితే
పచ్చ లైటు వెలుగుతూనే ఉంది.
ఆటెప్పుడో అయిపోయి
ఏదో సినిమా దానంతటదే మొదలై ఆగిపోయి
నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు:
ఇంకా చూస్తున్నారా?

పైకే చదివానేమో,
మంచం మీంచి అత్తగారి నిద్రగొంతు
"అమ్మాయా?
లేదని చెప్పు.
కట్టేశామని చెప్పు."