విడిచిన కబురు

వేలూరు పాత బజారులో ఎనిమిది వందలకు దొరికింది
సచ్చిపోయిన కీబోర్డు.
స్పీకర్లు లేవు. తెర పగిలిపోయింది.
ఎవరో పిలకాయ మీటల మీద స్కెచ్ పెన్నుతో
స రి గ మ అని రాసి
ప దగ్గర ఆపేసినాడు.
కాట్పాడి నుంచి చిత్తూరు దాకా ఒళ్ళో పెట్టుకోని కూచుంటే
కండక్టరు దానికీ టికెట్టు కొట్టినాడు.

మా పార్టీలో ఒకప్పుడు అయిదుగురం.
ప్యాడ్లు వాయించే యోగానందం శ్రీసిటీలో నైటు షిఫ్టుకు పోయినాడు.
మునస్వామి బేస్ గిటారు అమ్మి
ఆటోకు అడ్వాన్సు కట్టినాడు.
తబలా ఆయన ఎందుకు రాలేదో ఇంతవరకూ చెప్పలేదు.
మిగిలింది పాడే పునీతక్క, నేను.
పెండ్లోళ్ళకు మాత్రం అయిదుగురి చప్పుడు కావల్ల.
నాకా, చేతులు రెండే.
తల వంచుకుంటే కాళ్ళు కనిపించినాయి,
ఇన్నేండ్లూ కూలి అడక్కుండా
ఊరికే తాళం వేస్తా ఉండినవి.

మొగిలప్ప మామ దగ్గర కాలి హార్మోనియం ఉండేది,
భారతం నాటకాలతో ఊరూరూ తిరిగిన పెట్టె.
తిత్తిని ఎలకలు కొట్టేసినాయి.
తొక్కుడు పలకలు రెండే మిగిలినాయి,
నడిమధ్య అరిగి
ఆయన మడమంత పల్లంగా.
"తీసుకో పో" అన్నాడు, గోడ దిక్కు చూస్తా.

గిరింపేటలో మా మిద్దె మెట్ల కింద పని.
కీబోర్డు కడుపు కోస్తే
రబ్బరు బొత్తాల వరస, ఒక పావలా,
చీమలు కట్టిన మన్ను.
పదమూడు మీటల తీగలు వేరు చేసినా.
బంగారుపాళ్యం మండీ నుంచి తెచ్చిన మామిడికాయల పెట్టెలు విప్పి
చిత్రిక పట్టి పదకొండు పలకలు;
మామవి రెండూ ఆ కొసనొకటి, ఈ కొసనొకటి,
కింది షడ్జమానికీ పై షడ్జమానికీ.
ఇంకా మామిడి జీడి వాసన పోలేదు.

స్ప్రింగులే కుదర్లేదు.
పెన్నులవి మరీ మెత్తన,
సైకిలు స్టాండుది మరీ బిర్రు.
చివరికి ఎలకల బోను స్ప్రింగు సరిపోయింది.
పదమూడు బోన్లు కొంటావుంటే
"ఇంట్లో ఎన్ని ఎలకలమ్మా?" అన్నాడు శెట్టి.
"హార్మోనియం తినేటన్ని" అన్నా.

మిడి అంటారు దీన్ని.
నాకుండేది మిడిమిడి జ్ఞానమే గాబట్టి
పేరు బాగానే అతికింది.
దీంట్లో నాదం ఉండదు.
ఏ పలక తొక్కినారు, ఎప్పుడు విడిచినారు,
కబురు మాత్రం తీగెంట పోతుంది.
పాట ఇంకెక్కడో పుడుతుంది.

సాయంత్రం మామ వచ్చి మెట్టు మీద కూచున్నాడు.
"పుస్తకానికి కాలు తగిలితే కండ్లకద్దుకుంటామే,
సరస్వతిని పదమూడు చోట్ల తొక్కుతావా?"
"నువ్వు నలభై ఏండ్లు తొక్కలేదా మామా?"
"నేను తొక్కింది గాలిని.
స్వరాన్ని చేత్తోనే తాకినా."
నా దగ్గర జవాబు లేదు.
టంకం కడ్డీ కాగిందో లేదో అని
తడిగుడ్డకు ఆనించినా.
చుయ్ మనింది.

మొదటిసారి తొక్కితే ఏమీ పలకలేదు.
రెండోసారి, అన్నీ ఒకటేసారి.
మూడోసారి పంచమం పలికింది.
కాలు తీసినా.
ఆగలేదు.
విడిచిన కబురు దారిలో యాడనో తప్పిపోయింది,
ఆ పక్కకు నేనింకా తొక్కుతా ఉన్నట్టే లెక్క.
తీగ పీకబోతే
"ఉండనీ" అన్నాడు.
పక్కింట్లో కుక్కరు మూడు కూతలేసింది.
వీధిలో ఎవరో బండి కిక్కు కొడతా ఉన్నారు.
మామ గొంతు సవరించుకోని
బోసినోటితో, ఎవరికీ వినిపించాలని కాకుండా,
ఆ ఆగని పంచమం కింద
షడ్జమం పట్టుకున్నాడు.
ఆయన కుడి మడమ నేల మీద లేస్తా, దిగుతా ఉంది,
తొక్కేదానికి ఏమీ లేకపోయినా.

పోతా పోతా అన్నాడు:
"చెప్పులతో ఎక్కొద్దు దాని మీద.
కాళ్ళు కడుక్కో."

మా వీధికి నీళ్ళు దినం విడిచి దినం.
చెంబెడు తెచ్చి పక్కన పెట్టుకున్నా.
ఎనిమిదో తీగ మళ్ళా విప్పి, కాల్చి, అతికించాల.
ఈ రాత్రికి వద్దులే.